తొడ దగ్గర నుంచి రక్తనాళం బాగుచేసే డాక్టర్ కావాలంటే?

ప్రశ్న: మాది దేవరకొండ. మా నాన్నకు పొట్టలోని పెద్ద రక్తనాళం ఇన్‌ఫెక్షన్ వల్ల ఉబ్బితే, హైదరాబాద్‌లో పొట్ట కోయకుండా తొడ దగ్గర నుంచి స్టెంట్ గ్రాఫ్ట్ (జాలీకి గుడ్డ తొడిగిన గొట్టం) వేశారు. బైపీసీ సెకండియర్ చదివే మా అమ్మాయి ఆ పనే నేర్చుకుంటానంటోంది. ఏం చదివించాలి?

జవాబు: ముందు నీట్ రాసి ఎంబీబీఎస్, ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5½ ఏళ్లు. సీటొస్తే నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ కాలేజీలు మీకు దగ్గరే. ఆపై రెండు దారులు: ఎంఎస్ జనరల్ సర్జరీ, తర్వాత ఎంసీహెచ్ వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జరీ, లేదంటే ఎండీ రేడియాలజీ, తర్వాత డీఎం ఇంటర్వెన్షనల్ రేడియాలజీ (స్కాన్ తెర మీద చూస్తూ, కోయకుండా నాళాల్లోంచి చేసే వైద్యం). ఎటెళ్లినా మొత్తం 11½ ఏళ్లు. ఎంట్రన్స్‌లకు పోయే కాలం వేరు.

మీ అమ్మాయి మనసు ఈ జబ్బు మీదే ఉంటే సర్జరీ వైపే పంపండి. మామూలు ఉబ్బుకైతే గ్రాఫ్ట్ వేస్తే చాలావరకు పని అయిపోతుంది. ఇక్కడ అలా కాదు. సాల్మొనెల్లా, స్టాఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియా నాళం గోడలోనే ఉంటుంది. దాని మధ్యలో గుడ్డలాంటి గ్రాఫ్ట్ పెడుతున్నాం. బ్యాక్టీరియా దాన్ని పట్టుకుందంటే మందులకు ఓ పట్టాన లొంగదు. అందుకే వీలైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీసి, ఏ బ్యాక్టీరియానో తేల్చే కల్చర్ పరీక్షకు పంపుతారు. ఆపై వారాల తరబడి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, ఆపై నెలల తరబడి మాత్రలు, కొందరికి జీవితాంతం. అయినా చీము పట్టినా, నాళం పేగులోకి చిల్లుపడినా పొట్ట తెరిచి గ్రాఫ్ట్ తీసి, కుళ్లిన భాగం కోసేసి, రక్తానికి వేరే దారి వేయాల్సి వస్తుంది. ఆ రోజు కత్తి పట్టగలిగినవాళ్లే కావాలి. (మీ నాన్నగారికి మళ్లీ జ్వరం, నడుంనొప్పి వస్తే వెంటనే చూపించండి. మాత్రలు సొంతంగా ఆపొద్దు.)

చేతి నైపుణ్యం కన్నా ముందు రావాల్సింది సీటీ స్కాన్ మీద కొలత. ఉబ్బుకు పైన బాగున్న నాళం 22 మిల్లీమీటర్లుంటే గ్రాఫ్ట్ 10 నుంచి 20 శాతం పెద్దది, అంటే 25 లేదా 26 ఎంచుకుంటారు. చిన్నదైతే పక్కనుంచి రక్తం కారుతుంది, జారిపోతుంది. మరీ పెద్దదైతే ముడతలు పడి ఆ సందుల్లోంచి కారుతుంది. గ్రాఫ్ట్ పట్టు దొరకాలంటే అక్కడ కనీసం 10, 15 మిల్లీమీటర్ల మంచి గోడ ఉండాలి.

ఎంబీబీఎస్ సీటు రాకపోతే క్యాథ్‌ల్యాబ్ (ఎక్స్‌రే తెర మీద చూస్తూ నాళాల్లోంచి స్టెంట్లు వేసే గది) టెక్నాలజీలో బీఎస్సీ ఉంది. వైర్లు, షీత్‌లు (నాళంలోకి దారిచ్చే సన్న గొట్టాలు) సిద్ధం చేసి డాక్టర్ పక్కనే నిలబడే పని. చేరేముందు ఆ కాలేజీకి సొంత క్యాథ్‌ల్యాబ్ ఉందా, గుండె స్టెంట్లే వేస్తారా, ఇలాంటి గ్రాఫ్టులు కూడా వేస్తారా అని స్వయంగా వెళ్లి అడగండి.