గంజి వార్చొద్దు, బంగారం

బంగారం,

విశాఖలో పోస్టింగ్ వచ్చిందని, హాస్టల్ వద్దని గది తీసుకుని నువ్వే వండుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. నీకూ నాలాగే చూపు లేదు, అయినా ఆ మాటన్నావంటే నాకు చాలా గర్వంగా ఉంది. రాత్రి నిద్ర పట్టలేదన్నదీ నిజమే. ఫోన్ ఈ ఉత్తరం చదివి వినిపిస్తుంటే స్పీడు పెంచి దాటెయ్యకు, పూర్తిగా విను.

డబ్బాలకి రబ్బరు బ్యాండ్లు వెయ్యి, పసుపుకి ఒకటి, కారానికి రెండు. తరగడం, కలపడం అంచున్న పెద్ద పళ్ళెంలో చేస్తే ఒలికినా అందులోనే ఉంటుంది. ప్యాకెట్ల మీద తేదీలకి ఫోన్లో బీ మై ఐస్ యాప్ ఉంది, కెమెరా పెడితే చూపున్నవాళ్ళు చూసి చదివి చెప్తారు. ఇండక్షన్ స్టవ్ టచ్ ప్యానెల్‌ది కొనకు, నున్నటి అద్దం మీద వేలికి ఏమీ తెలియదు, లోపలికి దిగే బటన్లున్నది చూడు.

ఇక అన్నం. మీ అమ్మ గంజి వార్చడం నేర్పిస్తానందట. వద్దు. చదువుకునే రోజుల్లో నా పక్క మంచం అమ్మాయి, ఆమెకీ నాలాగే చూపు లేదు, సెలవులకి ఇంటికెళ్ళి వాళ్ళమ్మ వార్చినట్టే వారుస్తానని పంతం పట్టింది. మూత అదిమిపట్టి గిన్నె వంచేసరికి ఆవిరి మణికట్టుకి కొట్టింది, గుడ్డ జారింది, మరిగే గంజి మోచేతి దాకా పడింది. ఇంట్లోవాళ్ళు కంగారులో పేస్టు పూశారు. కాలితే పేస్టూ ఇంకూ కాదమ్మా, వెంటనే కుళాయి కింద పెట్టి 20 నిమిషాలు నీళ్ళు వదలాలి. తిరిగొచ్చాక ఆ చెయ్యి నా చేతికి గరుగ్గా తగిలినప్పుడు నాకు ఏడుపాగలేదు. తను ఆ తర్వాత చాలా కాలం వంటింటి గడప తొక్కలేదు, నాకు అదే ఎక్కువ బాధ. చూపున్నవాళ్ళు చేసే తీరులోనే చెయ్యాలని ఎవరు రాశారు? వేడి గిన్నె వంచే పని ఏదైనా సరే, దానికి ఇంకో దారి వెతుక్కో.

పోపు కూడా అంతే. చల్లటి నూనెలోనే ఆవాలు వేసి, మూత పెట్టి, అప్పుడు స్టవ్ ఆన్ చెయ్యి. చిటపటలు తగ్గుతుండగానే ఆపేసి, తడి లేని కరివేపాకు వేసి మళ్ళీ మూత పెట్టు. కాస్త చల్లారాక పప్పునే గరిటెతో పోపు గిన్నెలోకి తెచ్చుకో.

గ్యాస్ కావాలని మొండికేస్తే, గిన్నె పెట్టాకే వెలిగించు, చున్నీ తీసి పక్కన పెట్టు. వాసనొస్తే ఏ స్విచ్చూ ముట్టకు, రెగ్యులేటర్ కట్టేసి బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యి. ఇది చెప్తుంటేనే నా గుండె దడదడలాడుతోంది, నిజంగా ఇండక్షనే తీసుకోవే తల్లీ.

రైస్ కుక్కర్ నేను పంపిస్తున్నాను. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు, మీట టక్కుమన్నాక పది నిమిషాలు మూత తియ్యకు. డబ్బుల మాటెత్తావంటే ఊరుకోను. గది అడ్రస్ ఈరోజే పంపు.

నీ పెద్దమ్మ