మీ ప్రశ్న, మా జవాబు: పగబట్టిన దెయ్యానికి ఏం చేతకాదు?

ప్రశ్న: నమస్తే మేడమ్, మాది పలాస దగ్గర పల్లె. నేనొక దెయ్యం నవల రాస్తన్నాను. జీడిపిక్కలు ఒలిచే ఒకావిడ్ని మేస్త్రీ చంపేసి నూతిలో పడేస్తాడు, ఆవిడ దెయ్యమై వచ్చి పగ తీర్చుకుంటాది. పది చాప్టర్లు అయ్యాయి. మా అక్క చదివి ఏటందంటే, అన్నీ చెయ్యగలిగిన దెయ్యం మొదటి రోజే ఆడి పీక పిసికేయొచ్చు కదా, ఇన్ని పేజీలు ఎందుకు తిరుగుతాది అని. నాకు జవాబు దొరకలేదు.

జవాబు: మీ అక్క సరైన చోటే పట్టుకుందమ్మా. ఎగరడం, గోడల్లోంచి దూరడం, పూనడం అన్నీ ఇచ్చేశాక ఇంక కథ ఏముంటుంది, మేస్త్రీ ఎప్పుడు చస్తాడా అని పేజీలు తిప్పుకోవడమే కదా. చచ్చాక కూడా పగ వదలని మనిషి అనగానే నాకు ముందు భారతంలో భీష్ముడు స్వయంవరం నుంచి ఎత్తుకొచ్చిన అంబే గుర్తొస్తుంది. భీష్ముణ్ని చంపుతావని సాక్షాత్తు శివుడే వరమిచ్చాడు, ఈ జన్మలో జరిగిందంతా గుర్తుంటుందని కూడా చెప్పాడు, ఆవిడ చితి పేర్చుకుని దూకేసింది. మరి వెంటనే అయిపోయిందా? మళ్లీ ఆడపిల్లగానే ద్రుపదుడి ఇంట్లో పుట్టింది, యక్షుడి దగ్గర మగతనం తెచ్చుకుని శిఖండి అయింది, యుద్ధంలో పదో రోజు దాకా ఆగింది, అప్పుడు కూడా పడగొట్టింది ఎక్కువగా అర్జునుడి బాణాలే. ఒకప్పుడు ఆడదిగా పుట్టినవాళ్ల మీద బాణం వెయ్యనని భీష్ముడు విల్లు దించేశాడు చూడండి, అదే నాకు ఒళ్లు జలదరించే చోటు. ఏ ఆడజన్మలో అన్యాయం జరిగిందో ఆ ఆడజన్మే ఆయన చేతులు కట్టేసింది.

మీ దెయ్యానికి కూడా బతికున్నప్పుడు ఏముందో అదే ఉంచండి, కొత్తగా ఏ శక్తీ ఇవ్వకండి. పిక్క కొట్టేటప్పుడు జీడి సొన పడితే చర్మం కాలిపోతుంది, బూడిదో ఆముదమో రాసుకున్నా వేళ్లు నల్లబడిపోతాయి, ఎంత తోమినా ఆ నలుపు పోదు, ఇది నాకంటే మీకే బాగా తెలుసు. ఆవిడ ముట్టుకున్న చోటల్లా ఆ వేలిముద్ర పడనివ్వండి, అంతే, ఇంకేం చేతకాదు. పొద్దున్నే మేస్త్రీ కొత్తగా సున్నం వేయించిన గోడ మీద నాలుగు నల్లటి వేళ్లు, మర్నాడు కూలి లెక్కల పుస్తకంలో ఆవిడ పేరు కొట్టేసిన గీత మీద ఒక వేలు, ఆ తర్వాత వాడి కంచంలో అన్నం అంచున. అప్పుడు మీ అక్కకి జవాబు దొరుకుతుంది, పీక పిసకడం ఆవిడకి రాదు, వాడు చేసింది వాడి చేతే నలుగురిలో చెప్పించాలి, దానికి అన్ని పేజీలూ కావాలి. ఇంకోటి, ఆవిడకి కూతురుంటే ఆ పిల్ల ఇప్పుడు అదే షెడ్డులో అదే పీట మీద కూర్చుందా? నేనైతే ఆరో చాప్టర్ అక్కణ్నుంచి మొదలెడతాను. ఆ పిల్ల వేళ్లు నల్లబడటం తల్లి చూస్తుందే, ఆ పేజీ మాత్రం తొందరపడకుండా రాయండి.

ప్రశ్న: మాది బొబ్బిలి. తాండ్ర పాపారాయుడు ఆత్మగా తిరిగొచ్చి పగ తీర్చుకున్నట్టు రాయొచ్చా?

జవాబు: ఆయన పగ ఆయన బతికుండగానే తీరిపోయింది కదండీ. 1757 జనవరిలో బొబ్బిలి కోట పడిపోయాక, ఫ్రెంచివాళ్లతో కలిసి దాడి చేసిన విజయనగరం రాజు విజయరామరాజుని రాత్రి డేరాలోకి దూరి పొడిచి చంపేశాడు, ఇంక ఆయన తిరిగి రావాల్సిన పనేముంది? కోట శత్రువుల చేతికి పోతుందని తెలిసి లోపలి ఆడవాళ్లని, పిల్లల్ని సొంతవాళ్లే చంపేశారు. వాళ్లలో ఒకావిడ లేచి వస్తే ఎవరి మీద పగబట్టాలి, బయటున్న ఫ్రెంచి ఫిరంగుల మీదా, కత్తి ఎత్తిన తన మనిషి మీదా? రాస్తే ఆవిడ కథ రాయండి, నేను చదువుతాను.