నాన్న రిపోర్టులో ‘రాడిక్యులోపతి’ అని ఉంది.. పక్షవాతం వస్తుందా?

ప్రశ్న: నేను బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్నకు 54 ఏళ్లు. నడుము నుంచి ఎడమ మడమ దాకా జివ్వుమని లాగుతోంది. ఎంఆర్ఐలో ‘ఎల్5-ఎస్1 డిస్క్ జారి ఎస్1 నరాన్ని నొక్కుతోంది’ అని వచ్చింది. ఫిజియో కార్డులో ‘రాడిక్యులోపతి, ఎస్ఎల్ఆర్ 40 డిగ్రీలు, యాంకిల్ జెర్క్ తగ్గింది, పవర్ 4/5’ అని రాశారు. రాడిక్యులోపతి, మయలోపతి, న్యూరోపతి నాకు కలగాపులగం అవుతున్నాయి. పక్షవాతమేమోనని అమ్మ టెన్షన్ పడుతోంది.
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండమ్మా. ఇది పక్షవాతం కాదు. ఇలాంటి నొప్పి చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది.

ఆ మూడు పేర్లూ జబ్బు ఎక్కడుందో చెబుతాయి. వెన్నుపాము నుంచి నరం బయల్దేరే చోటు, అంటే దాని వేరు నలిగితే రాడిక్యులోపతి. వెన్నుపామే నలిగితే మయలోపతి. షుగర్ ఉన్నవాళ్లకు పాదాలు మండినట్టు, దూరాన ఉన్న నరాలు దెబ్బతింటే న్యూరోపతి. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోని ఎల్1-ఎల్2 వెన్నుపూసల దగ్గరే అయిపోతుంది. ఆ కింద ఉండేవి గుర్రపు తోకలా వేలాడే నరాల వేళ్లే. అందుకే నడుము అడుగున ఉండే ఎల్5-ఎస్1 డిస్క్ వల్ల మయలోపతి రాదు. వెన్నుపాము నలిగితే కాళ్లు బిగుసుకుంటాయి, జెర్కులు (చిన్న సుత్తితో తడితే కాలు అదిరే స్పందన) పెరుగుతాయి. నాన్నగారికి మడమ దగ్గరి జెర్క్ తగ్గింది. అది ఎస్1 వేరు చూపించే గుర్తే, ఎంఆర్ఐతో సరిపోయింది. నిజానికి నొప్పే లేనివాళ్ల ఎంఆర్ఐలో కూడా డిస్క్ ఉబ్బు కనిపిస్తుంటుంది. అందుకే స్కానింగ్, పరీక్ష రెండూ ఒకే మాట చెబుతున్నాయా అని చూడటం నేర్చుకోండి.

ఎస్ఎల్ఆర్ అంటే పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తడం. 40 డిగ్రీలు అంటే ఆ ఎత్తుకే నొప్పి వచ్చిందని. తొడ వెనక పట్టేసినంత మాత్రాన పాజిటివ్, అంటే నరం నలిగింది అనకండి. అది కండరం బిగువు కావచ్చు. నొప్పి మోకాలు దాటి కిందికి పాకాలి.

పవర్ 4/5 అంటే కొంత బలానికి ఎదురు నిలుస్తోంది, పూర్తిగా కాదు. ఎస్1 నరం పనిచేయించే పిక్క చాలా బలమైన కండరం, చేత్తో నొక్కి చూస్తే మోసం చేస్తుంది. నొప్పి కాస్త తగ్గాక నాన్నగారిని గోడకు చెయ్యి ఆనించి ఎడమ కాలి మీద నిలబడమనండి. మడమ ఎన్నిసార్లు లేపగలరో లెక్కపెట్టండి. తర్వాత కుడి కాలు. కుడి మడమ ఇరవైసార్లు లేచి, ఎడమది ఆరేడుసార్లకే వణికిందనుకోండి, బలహీనత మీ కళ్లముందే ఉంటుంది. రెండు అంకెలూ కార్డు మీద రాసి, రెండు వారాలకోసారి మళ్లీ చూడండి.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, రెండు కాళ్లూ బలహీనపడినా ఫిజియో కోసం ఆగొద్దు. రాత్రయినా సరే, న్యూరో సర్జన్ ఉండే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాదం ఈడ్చుకుంటూ నడవడం మొదలైనా మర్నాటికి వాయిదా వేయకుండా డాక్టర్‌కు చూపించండి.