‘తామర’ అనవచ్చునా?

సందేహం: మా మేనకోడలు చర్మవ్యాధులలో ఎం.డి. చేసి, ఇప్పుడు పిల్లల చర్మవ్యాధులలో ప్రత్యేక శిక్షణ పొందుతున్నది. పసిపిల్లల ఎగ్జిమా మీద ఆమె పరిశోధన. సన్మానపత్రంలో ‘చిన్నారుల చర్మ నిపుణురాలు’ అనీ, పరిశోధనాంశాన్ని ‘పిల్లల తామర’ అనీ రాశాము. సరియేనా?
– ఒక ఉపాధ్యాయిని, దేవరకొండ

సమాధానం: ‘చర్మ నిపుణురాలు’ అన్న బిరుదు తోళ్ల వ్యాపారం ఎరిగిన ఆమెకూ చెల్లుతుంది. ‘చిన్నారి’ ముద్దుమాట, కనిపించిన ప్రతి పిల్లవానికీ దానిని తగిలించడం నేటి పత్రికలకు పట్టిన జాడ్యం. ‘పిల్లల చర్మవ్యాధుల వైద్యురాలు’ అనండి, చాలు.

ఇక తామర. తమిళంలో తామరై, కన్నడంలో తావరె అయిన ఈ పువ్వు పేరును సంస్కృతం ‘తామరస’మని మన భాషల నుంచే తీసుకున్నదని పలువురు భాషావేత్తల మతం. అంత సొగసైన మాట చర్మరోగానికి ఎట్లా అంటుకున్నది? తమిళులు ఆ రోగాన్ని ‘పడర్‌తామరై’, అంటే పాకే తామర, అంటారు. ఎండాకాలంలో నాలుగు ఆకులుగా మిగిలిన తామర, వానలు పడి కుంట నిండేసరికి నీళ్లు కనిపించకుండా కప్పేస్తుంది. ‘తామరతంపర’ అన్న పలుకుబడి పుట్టింది అక్కడే. వ్యాధి నడకా అదే. గుండ్రని మచ్చ అంచున పొలుసులు కట్టి, కొంచెం ఎత్తుగా లేచి, నడుమ తేటపడుతూ వెడల్పవుతుంది. ఒకరి తువ్వాలతో మరొకరికి అంటుతుంది. ఆకు గుండ్రదనాన్ని చూసి పెట్టిన పేరా, పాకే గుణాన్ని చూసి పెట్టినదా అంటే నేను రెండవదానివైపే మొగ్గుతాను గాని మొదటిదాన్ని కొట్టివేయలేను. సంస్కృతంలో ఈ వ్యాధి దద్రువు. ఇంగ్లీషు ‘టెట్టర్’ దానికి దాయాది. మన ‘దద్దు’ కూడా అందులోనుంచే వచ్చి, అర్థం జారి, గంటలో లేచి గంటలో అణిగే దద్దుర్లకు పేరైనట్లు తోస్తుంది.

అసలు తామర బూజుజాతి క్రిమి వల్ల వస్తుంది. పసివాళ్లకు బుగ్గల మీద, కాస్త ఎదిగాక మోచేతి, మోకాలి మడతలలో ఎర్రబడి, రసి కారి, దురదతో నిద్ర పట్టనివ్వని ఎగ్జిమా అంటువ్యాధి కాదు. చర్మపు పైపొరను పటిష్ఠంగా ఉంచే ఫిలగ్రిన్ అనే ప్రోటీను జన్యులోపం వల్ల కొందరిలో కొరవడి ఈ వ్యాధికి దారితీస్తుందని 2006లో తేలింది. దీనికి వైద్యులు రాసే స్టెరాయిడ్ పూతమందునే తామరకు పూస్తే, ఎరుపు తగ్గినట్లే తగ్గి మచ్చ మరింత పాకుతుంది. పేరు ఒక్కటే గదా అని పక్కింటి ట్యూబు తెచ్చి పూసేవారికి ఈ భేదం తెలియాలి.

ఆయుర్వేదంలోని ‘విచర్చిక’ ఎగ్జిమాకు దగ్గరిదే గాని, దానిని క్షుద్రకుష్ఠాలలో లెక్కించారు. ఆ మాట చెవిన పడితే తల్లి గుండె జారిపోతుంది. కనుక పత్రంలో ‘ఎగ్జిమా’ అనే ఉంచండి. అయితే దవాఖానకు వచ్చిన తల్లి ‘బిడ్డకు తామర లేచింది’ అంటే మీ మేనకోడలు ఆమెను దిద్దవలసిన పని లేదు; జనం నోట ఆ మాట పరిధి పెరుగుతున్నదేమో. ‘గజ్జి’ అంటే మాత్రం నేను ఒప్పుకోను. అది చర్మాన్ని తొలిచే పురుగు పని.