ఇటలీ, ఈజిప్టుల చరిత్ర రాయబోయే అమ్మాయికి

అమ్మాయ్, ఆశీస్సులు.

నువ్వు పంపిన సినాప్సిస్ చదివాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ చేసుకున్న 1947 శాంతి ఒప్పందంతో మొదలుపెట్టి మంత్రుల పర్యటనలన్నీ వరసగా పేర్చావు. అలా పోతే ఎవరు ఎప్పుడొచ్చారో తెలుస్తుంది గానీ ఎందుకొచ్చారో తెలియదు. నోట్‌బుక్ పేజీకి నడుమ ఒక గీత గీయి. ఎడమ పక్క రెండు ప్రభుత్వాలు అన్న మాటలు, కుడి పక్క అదే నెలల్లో అవి చేసిన పనులు రాసుకో. మీ గైడ్ ఇదేం పద్ధతి అంటారేమో, అననీ.

ముందు మనుషుల్ని చూడు. యుద్ధానికి ముందు ఈజిప్టులో వేలాది ఇటాలియన్ కుటుంబాలు ఉండేవి. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే మగవాళ్లలో చాలామందిని ఫాయెద్ నిర్బంధ శిబిరంలో పెట్టారు, ఆస్తులు స్వాధీనం చేసుకున్నారు. యుద్ధం ముగిశాక తేల్చుకోవాల్సిన మొదటి లెక్కల్లో అదొకటి. రాజుల కథ రాయాలని నీకు చెయ్యి దురద పెడుతుంది. గద్దె దిగిన ఇటలీ రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ 1946లో అలెగ్జాండ్రియా చేరి అక్కడే పోయాడు. 1952లో ఈజిప్టు రాజు ఫారూక్ అదే ఊరి నుంచి నేపుల్స్ వెళ్లి, 1965లో రోమ్‌లో పోయాడు. రాయి, కానీ ఒక్క పేరాతో సరిపెట్టు.

1950ల మీద మాత్రం తీరిగ్గా కూర్చో. వలస రాజ్యాలన్నీ పోయిన ఇటలీకి అదే ఒక విధంగా కలిసొచ్చింది. 1956లో బ్రిటన్, ఫ్రాన్స్ సూయజ్ మీద దాడికి దిగినప్పుడు ఇటలీ అందులో లేదు. అప్పటికే ఎన్రికో మత్తేయి నడిపిన ప్రభుత్వ చమురు సంస్థ ఎని, సినాయ్ చమురులో అడుగుపెట్టింది. 1959 జనవరిలో ఇటలీ ప్రధాని ఫన్‌ఫాని కైరో వెళ్లేసరికి దారి చాలావరకు సిద్ధంగా ఉంది. విదేశాంగ శాఖ పత్రాలొక్కటే చదివితే ఇది కనబడదు. ఎనికి సొంత చారిత్రక ఆర్కైవ్ ఉంది, అది వదలొద్దు. నూబియా ఆలయాలను కాపాడినందుకు ఈజిప్టు ఇచ్చిన ఎలెస్యియా గుడి ఇప్పుడు టురిన్ మ్యూజియంలో ఉంది. దానికి ఫుట్‌నోట్ చాలు.

1985 అక్టోబర్‌కి ఒక అధ్యాయం మొత్తం ఇవ్వు. ఈజిప్టు తీరానికి దగ్గర్లో అకీలె లౌరో ఓడను పాలస్తీనా సాయుధులు హైజాక్ చేసి, ఒక అమెరికన్ ప్రయాణికుడిని చంపారు. లొంగిపోయిన హైజాకర్లను ఈజిప్టు తన విమానంలో పంపించేస్తుంటే, అమెరికా యుద్ధవిమానాలు దాన్ని సిసిలీలోని సిగొనెల్లాలో దింపించాయి. అక్కడ ఇటలీ సైనికులు, అమెరికా సైనికులు ఎదురెదురు నిలబడ్డారు. హైజాకర్లను అమెరికాకు అప్పగించేది లేదన్నాడు ఇటలీ ప్రధాని క్రాక్సీ. తమ విమానాన్ని దారి మళ్లించారని ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ మండిపడ్డాడు. క్రాక్సీ, హైజాకర్ల వెంట ఉన్న పాలస్తీనా నాయకుడు అబూ అబ్బాస్‌ను వెళ్లిపోనిచ్చాడు, ఆ గొడవలోనే ఆయన ప్రభుత్వం సంక్షోభంలో పడింది. చాలామంది దీన్ని ఇటలీ, అమెరికాల తగవుగానే రాస్తారు. నువ్వు విమానం ఎవరిదో గుర్తుపెట్టుకుని రాయి.

ఇక రెజెని సంగతి. 2015 ఆగస్టులో ఎని ఈజిప్టు సముద్రంలో జోహ్ర్ గ్యాస్ క్షేత్రాన్ని కనుగొన్నట్టు ప్రకటించింది. 2016 జనవరి 25న కైరోలో, స్వతంత్ర కార్మిక సంఘాల మీద పరిశోధిస్తున్న ఇటలీ యువకుడు జూలియో రెజెని మాయమయ్యాడు. ఫిబ్రవరి 3న చిత్రహింసల గుర్తులతో శవం దొరికింది. ఏప్రిల్‌లో ఇటలీ తన రాయబారిని వెనక్కి పిలిచింది. 2017 సెప్టెంబర్‌లో కొత్త రాయబారి కైరో చేరాడు, డిసెంబర్‌లో జోహ్ర్ నుంచి గ్యాస్ మొదలైంది. నీ పేజీలో ఇవి ఎదురెదురుగా పడతాయి. అలాగని గ్యాస్ కోసమే రాయబారిని పంపారని తీర్పు ఇచ్చెయ్యకు, దానికి పత్రం కావాలి. ఆ అబ్బాయి ప్రాణాన్ని మాత్రం రెండు దేశాల మధ్య ‘ఇబ్బంది’ అని చిన్నమాట చెయ్యొద్దు. నలుగురు ఈజిప్టు భద్రతా అధికారుల మీద, వాళ్లు లేకుండానే, రోమ్‌లో విచారణ మొదలైంది 2024లో.

చివరగా భాష. ఇటాలియన్ నేర్చుకుంటానన్నావు, సంతోషం. అరబిక్ లేకుండా మొదలుపెడితే ఈజిప్టు గురించి ఎప్పుడూ రోమ్, లండన్, వాషింగ్టన్ వాళ్లే మాట్లాడుతుంటారు. కైరో పత్రిక అల్ అహ్రామ్ పాత సంచికలు నెమ్మదిగానైనా సొంతంగా చదవగలగాలి. హైదరాబాద్‌లోనే ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) అరబిక్ విభాగం ఉంది. అడ్మిషన్ల సంగతి ఈ వారమే వెళ్లి కనుక్కో. రెండో అధ్యాయం ఆ తర్వాతే పంపు.