సెమినార్‌లో గొంతు వణికితే: మొదటి నిమిషం గట్టెక్కేదెలా?

ప్రశ్న: మాది కావలి. బీఎస్సీ ఆక్వాకల్చర్ ఫైనలియర్. వచ్చే నెలలో క్లాసు ముందు పది నిమిషాల సెమినార్ ఇవ్వాలి. ఇంట్లో గడగడా చెప్పేస్తాను. అక్కడ నిలబడగానే నోరెండిపోయి, చేతులు వణికి, అంతా మర్చిపోతున్నాను. ఈ భయం పోయే మార్గం చెప్పండి.

జవాబు: భయం పూర్తిగా పోయాకే మాట్లాడదామని ఆగకండి. అందరి కళ్లూ మన మీద పడగానే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. గుండెదడ, వణుకు దాని పనే. చాలామందికి ఇది మొదట్లోనే ఎక్కువగా ఉండి, మాట సాగేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి ముందు ఆ మొదటి నిమిషం సంగతి చూడాలి.

మర్చిపోవడానికి ముఖ్య కారణం బట్టీ. మొత్తం వరసగా బట్టీ పడితే ఒక్క మాట జారినా తర్వాతి వాక్యం దొరకదు. మొదటి మూడు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి. మధ్యలోకి ఐదు పాయింట్లు చాలు. "ఈరోజు నేను మాట్లాడబోయే అంశం..." అని మొదలుపెడితే ఎవరూ తలెత్తరు. "తెల్లవారుజామున ఏరియేటర్ ఆగిపోతే రొయ్యలు ఎందుకు పైకి తేలతాయి?" అని అడిగి చూడండి (ఏరియేటర్ అంటే చెరువు నీటిలో గాలి కలిపే యంత్రం). విడవలూరు, అల్లూరు వైపు చెరువులున్న ఇళ్ల పిల్లలు క్లాసులో ఉంటే వెంటనే మీ వైపు చూస్తారు. రాత్రంతా నీటిలోని ప్లవకాలు (నీళ్లలో తేలియాడే సూక్ష్మజీవులు) కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి, తెల్లారేలోపు అది బాగా పడిపోతుంది. ఇది మీకు తెలిసిన సంగతే, బట్టీ అక్కర్లేదు. ప్రశ్న వేశాక రెండు సెకన్లు ఆగి ఊపిరి తీసుకోండి. ఆ మౌనం మీకు చాలాసేపు అనిపిస్తుంది గానీ వినేవాళ్లకు తెలియను కూడా తెలియదు.

పాయింట్లు ఏ4 కాగితం మీద రాయకండి. చెయ్యి కాస్త వణికినా పల్చటి కాగితం రెపరెపలాడి అందరికీ కనిపిస్తుంది, అది చూసి మీకు ఇంకా కంగారు పుడుతుంది. పాత శుభలేఖ అట్టను అరచేతి సైజుకు కత్తిరించి, పెద్ద అక్షరాలతో రాసుకోండి.

కూర్చుని మనసులో చదువుకుంటే అది ప్రాక్టీసు కాదు. నిలబడి, పైకి చెబుతూ, ఫోన్‌లో రికార్డు చేయండి. మొదటి వారం ఒంటరిగా, తర్వాత అమ్మానాన్నల ముందు, ఆపైన నలుగురైదుగురు స్నేహితుల ముందు. చివరి వారం ఖాళీ క్లాసురూములో, సెమినార్ రోజు నిలబడే చోటే నిలబడి, ఒకరిని ఆఖరి బెంచీలో కూర్చోబెట్టి వినపడుతోందో లేదో అడగండి. ఈ ఆఖరి మెట్టునే చాలామంది వదిలేస్తారు. ఇంట్లో బాగా వచ్చింది అక్కడ రాకపోవడానికి అదే కారణం.

ఆ రోజు కాఫీ, టీ మానేయండి, దడ పెరుగుతుంది. గోరువెచ్చని నీళ్లు దగ్గర పెట్టుకోండి. మీ వంతుకు ముందు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఇలా ఐదారుసార్లు చేయండి. నెమ్మదిగా వదిలితేనే గుండె వేగం తగ్గుతుంది, గబగబా పీలిస్తే తల తిరుగుతుంది. మైకు ఉంటే నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కాస్త కిందగా పట్టుకోండి.

మధ్యలో ఆగిపోతే "సారీ" అనకుండా అట్ట చూసి తర్వాతి పాయింటుకు వెళ్లండి. ఏం వదిలేశారో మీకు తప్ప ఎవరికీ తెలియదు. దడ తగ్గడానికి ఫలానా మాత్ర వేసుకోమని ఎవరైనా చెబితే మాత్రం డాక్టర్ని అడగకుండా వేసుకోకండి. ఆ రకం మందుల్లో కొన్ని ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదం.