రాయిని పెకలించే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వానలు వెలిశాక ఆరు వారాలపాటు వంకలు కోసిన గట్ల వెంట రాతి పనిముట్లు వెతకబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా తరువాత మన ఇంట్లో ఈ పనికి మరొకరు పూనుకుంటారని నేను ఏనాడూ అనుకోలేదు కనుక ఆ రోజంతా నా సంతోషానికి హద్దు లేదు. మరునాడు నువ్వు పంపిన ఫోటో చూశాక మాత్రం కంటిమీద కునుకు పడలేదు. చోటు చూసి రావడానికి వెళ్లినప్పుడు దొరికిందని రాశావు. రాయి నీ అరచేతిలో ఎంతో అందంగా ఉంది; అది పడి ఉన్న నేల మాత్రం ఫోటోలో ఎక్కడా లేదు.

అనుమతి పత్రం లేనిదే ఒక్క రాయినీ కదల్చరాదని, తోడు లేకుండా వెళ్లరాదని, నీళ్లు సరిపడా పట్టుకుపోవాలని నీకు నేను చెప్పనక్కరలేదు. గట్ల విషయం మాత్రం చెప్పకుండా ఉండలేను. నీరు అడుగును తొలిచేసి పైభాగం చూరులా వేలాడే చోట, పొరలు ఎంత చక్కగా కనబడుతున్నా సరే, కింద కూర్చుని నోట్సు రాయకు. వాన వెలిసిన రెండు మూడు రోజుల తరువాత కూడా అలాంటి గట్టు విరిగిపడవచ్చు.

పనిముట్టును గుర్తుపట్టే చూపు మెల్లగా అలవడుతుంది. వరదలో ఒకదానికొకటి కొట్టుకున్న గులకరాళ్లకు కూడా పెచ్చులు లేస్తాయి కాబట్టి ఒక్క మచ్చ చూసి మనిషి చేసినదని తేల్చకు. మనిషి కొట్టి లేపిన పెచ్చును తిరగేస్తే, దెబ్బ తగిలిన చోటు కింద చిన్న ఉబ్బు, అక్కడినుంచి నీటి అలల్లా విస్తరించే గీతలు తరచుగా వేలికి తగులుతాయి. అంచులు పదునుగా ఉంటే రాయి పెద్దగా కదలలేదని, అరిగి నునుపెక్కి ఉంటే నీరు దొర్లించుకొచ్చి ఉంటుందని అనుమానించు. ఇంకొక సంగతి ఉంది. గాలీ నీరూ సన్నమట్టిని మోసుకుపోగా, వేర్వేరు పొరల్లోని బరువైన రాళ్లు కిందికి దిగి ఒకే నేలమీద చేరతాయి. పక్కపక్కన ఉన్నంత మాత్రాన అవి ఒకే కాలానివి కావు; వాటి మధ్య ఉండిన వేల ఏళ్ల మట్టి కొట్టుకుపోయి ఉండవచ్చు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మీ అమ్మకు కూడా ఇది పూర్తిగా తెలియదు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. పొద్దు వాలుతోంది, ఆకాశం మబ్బు కమ్మింది. గండి గోడలో నా భుజమంత ఎత్తున ఒక చేగొడ్డలి (పిడి లేకుండా చేత్తో పట్టి వాడే రాతి పనిముట్టు) మొన పొడుచుకొని కనబడింది. మిగిలినదంతా మట్టిలోనే ఉంది. అలా పొరలో ఇరుక్కుని ఉన్న పనిముట్టు కోసం మా జట్టు రెండేళ్లుగా ఎదురుచూస్తోంది. రాత్రి వాన పడితే గోడ కూలి రాయి కొట్టుకుపోతుందని భయపడ్డాను. ఇంకొకరు ముందుగా చూస్తారేమోనన్న స్వార్థం కూడా ఉంది, నీ దగ్గర దాచను. రెండు చేతులతో అటూ ఇటూ కదిపి లాగాను. కదిలిన పన్నులా ఊడి వచ్చింది. కొలత టేపు నా జేబులోనే ఉంది, వాన రావడానికి ఇంకా గంట వ్యవధి ఉంది. గుడారానికి తెచ్చి, చెక్కిన మచ్చలన్నీ చూడాలన్న ఆత్రంలో బకెట్లో ముంచి బ్రష్షుతో రుద్ది కడిగాను. బాదం గింజ ఆకారంలో ఉన్న ఆ రాయిని లాంతరు పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను, బురదనీళ్లు బయట పారబోశాను.

ఆ రాత్రి నిజంగానే కుండపోతగా కురిసింది. తెల్లవారి వెళ్లి చూస్తే గోడ రెండు బారల మేర కూలి ఉంది. ఆ గోడలో గులకరాళ్ల పొర, దాని మీద ఎర్ర ఇసుకమట్టి, ఆ పైన నల్లమట్టి ఉండేవి. రాయి గులక పొరలో ఉందా, ఎర్రమట్టి అడుగున ఉందా అని మా పెద్దాయన అడిగారు. నేను చెప్పలేకపోయాను. రాయికి అంటుకున్న మట్టి ఉంటే అదైనా చెప్పేది; దానిని నా చేతులతో నేనే కడిగేశాను. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నోట్సు పుస్తకంలో ‘పొర తెలియదు’ అని రాసి, కింద నా చేత సంతకం పెట్టించారు.

రాయి పుట్టి కోట్ల ఏళ్లు అయి ఉండవచ్చు, కానీ మనిషి దానిని ఎప్పుడు చెక్కాడో తెలుసుకోవడానికి చాలాసార్లు దానిని కప్పిన పొరే మనకు దిక్కు. రేడియోకార్బన్ పద్ధతి దాదాపు 50,000 ఏళ్ల వరకే పనికివస్తుంది, అదీ బొగ్గో ఎముకో దొరికితేనే. అంతకన్నా పాత ఇసుకకు ఓఎస్‌ఎల్ పద్ధతి ఉంది. ఇసుకరేణువులు చివరిసారి ఎండ ఎప్పుడు చూశాయో అది లెక్కగడుతుంది. అందుకే గోడను చెక్కి శుభ్రం చేశాక ఇసుక నమూనా కోసం గొట్టం దిగగొట్టి, వెలుగు చొరకుండా రెండు చివరలూ మూసెయ్యాలి. చుట్టూ ఉన్న మట్టిని కూడా విడిగా తీసుకో, తల్లీ. ఆ రేణువులకు ఏటా ఎంత రేడియేషన్ అందిందో, మట్టిలో తేమ ఎంతో తెలియకపోతే లెక్క తేలదు. అగ్నిపర్వతపు బూడిద పొర ఉంటే, అందులోని ఖనిజాల్లో పోగైన ఆర్గాన్ వాయువును కొలిచి కాలం చెప్పే పద్ధతి నీకు కొండంత అండ.

తమిళనాడులోని అత్తిరంపాక్కంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863లోనే చేగొడ్డళ్లను గుర్తించినా, వాటి కాలం 2011లో గాని తేలలేదు. పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం తవ్వి పొరలోనుంచి తీసిన పనిముట్లలో, మట్టిలో పూడుకుపోయాక వేర్వేరు వేగాలతో తరిగిపోయే అల్యూమినియం-26, బెరీలియం-10 పరమాణువుల నిష్పత్తిని కొలిచి, అవి సగటున 15 లక్షల ఏళ్ల నాటివని చెప్పింది. కెన్యాలోని లొమెక్వి 3 అనే తవ్వకాల చోట కూడా నేలమీద రాళ్లు కనబడ్డాక అక్కడితో ఆగక తవ్వి, పొరలోని వాటిని పట్టుకున్నందువల్లే 33 లక్షల ఏళ్లన్న మాట నిలబడింది.

నీ అరచేతిలోని ఆ రాయిని కడగకు. గుర్తున్నచోట తిరిగి పెట్టి ఫోటో తీయాలని కూడా చూడకు, అది అబద్ధపు సాక్ష్యం అవుతుంది. అధికారులకు చెప్పి, వాళ్లు అప్పగించమంటే అప్పగించు. ఈ రాత్రే కూర్చుని, ఏ పొద కింద, గట్టు పైఅంచుకు ఎన్ని అడుగుల దిగువన, మొన ఏ దిక్కుకు ఉండగా తీశావో గుర్తున్నంత రాసిపెట్టు. గుర్తులేనిది గుర్తులేదనే రాయి. రాసినది నాకు కూడా ఒక ప్రతి పంపు. మొదటి వారం నేనూ మీ గుడారానికి వస్తాను. గట్టు ఎక్కలేకపోయినా టేపు ఒక చివర పట్టుకోగలను.

ఆశీస్సులతో,
మామయ్య